టర్బో ఉన్న బండికి కూలరూ కావాలా?

బళ్లారి: పొద్దున సండూరు ఘాట్ ఉరుకుతూ ఎక్కిన బండి మధ్యాహ్నం ఎండకు మొండికేస్తుంది. కౌల్‌బజార్‌లోని ఓ షెడ్డుకు మొన్న ఓ ట్యాక్సీ డ్రైవరు ఇదే గోడుతో వచ్చారు. టర్బో మాత్రమే ఉన్న పాత డీజిల్ బండి ఆయనది. ఇంటర్‌కూలర్ వేయిస్తే సరి అని ఎవరో చెప్పారట. అప్పు కూడా సిద్ధం చేసుకున్నారు.

టర్బో పని గాలిని బలవంతంగా ఇంజనులోకి కూరడం. సైకిలుకు గాలి కొడుతుంటే పంపు అడుగున కాలుతుంది కదా, ఇక్కడా అంతే. బయట 40 డిగ్రీలుంటే, అర బార్ బూస్ట్‌కే లోపలి గాలి సుమారు 95 డిగ్రీలకు చేరుతుంది. ఒక బార్ అయితే 140 దగ్గరికి పోతుంది. వేడెక్కిన గాలి పలచన. కూరినా ఫలితం తగ్గుతుంది. ఇంటర్‌కూలర్ ఆ గాలికి రేడియేటర్ లాంటిది. 140ని 60కి దించితే ఇంజనుకు ఐదో వంతు గాలి అదనంగా అందుతుంది. లారీల వాళ్లకిది కొత్త కాదు. టాటా 697 ఇంజనుపై టీసీ అంటే టర్బో ఒక్కటే, టీసీఐసీ అంటే కూలరూ ఉన్నట్టు.

మరి ఎప్పుడు తప్పనిసరి? మెకానిక్ లెక్క సూటిగా ఉంది. ‘అర బార్ దాటితే కావాల్సిందే. లోపలుంటే డీజిల్‌కు దుడ్డు దండగన్నా’ అన్నాడు. పెట్రోలు సంగతి వేరు. వేడి గాలికి మిశ్రమం ముందే అంటుకుని ఇంజను టకటకమంటుంది. పట్టించుకోకుంటే పిస్టన్ పగులుతుంది. అందుకే ఇప్పటి టర్బో పెట్రోలు కార్లలో దాదాపు అన్నింటికీ కంపెనీలే బిగించి పంపుతున్నాయి. సొంతంగా మార్పులు చేయించేవారు ఇంకోటి గుర్తుంచుకోవాలి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. బీమా దగ్గరా పేచీ రావచ్చు.

డ్రైవరు బండికి గేజీ పెట్టి రోడ్డు మీద చూస్తే బూస్ట్ అర బార్ కూడా లేదు. ఎయిర్ ఫిల్టర్ విప్పారు. గనుల ఎర్ర దుమ్ము అట్టకట్టి ఉంది. మధ్యాహ్నం గాలి ఎలాగూ పలచన, దానికి ఇది తోడైంది. కూలర్ ఉన్న బండ్లకూ ఈ దుమ్ముతోనే తంటా. రేకుల మధ్య నిండితే అది ఉన్నా లేనట్టే. గొట్టం పగిలితే ఈల శబ్దం, వెనక నల్ల పొగ.

కొత్త ఫిల్టర్ వేసి పంపారు. ‘అప్పు?’ అని అడిగితే, ‘వెనక్కి ఇచ్చేస్తా సార్, ముందు ఘాట్ ఎక్కి చూడనీ’ అంటూ డ్రైవరు బయల్దేరారు.