పుణ్యగిరి దారిలో రెండు వాగులు

విజయనగరము జిల్లాలో శృంగవరపుకోటకు సమీపమున, తూర్పుకనుమల యొడిలో పుణ్యగిరి యను క్షేత్రము కలదు. శివరాత్రినాడు ఉమాకోటిలింగేశ్వరుని దర్శనమునకై అచ్చటికి జనులు విశేషముగ వత్తురు. సందడిలేని యొక వానకాలపు ఆదివారమున నేను భార్యను, ఇరువురు పిల్లలను వెంటబెట్టుకొని ఆ కొండదారిని నడచితిని.

రాత్రి పెద్దవాన కురిసి వెలిసినది. దారికిరుప్రక్కల మద్ది, నేరేడు, పనస చెట్లు. వాని నల్లుకొని అడ్డతీగలు. అడవికోడి కూత విని మా చిన్నది "నాన్నా, ఇక్కడ ఎవరి యిల్లున్నది?" అని యడిగెను. నెమలి యొకటి పొదలోనికి పరుగెత్తెను. తోక చీలిన నల్లని ఏట్రింతపిట్ట కొమ్మనుండి యెగిరి, పురుగును పట్టి, మరల ఆ కొమ్మపైననే వ్రాలుచుండెను. మన చేలలో అడ్డుపుల్ల కట్టిన కొయ్యలను ఎకరమునకు 20 వరకు నాటినచో, ఈ పిట్టయే వచ్చి వ్రాలి పంటపురుగులను ఏరి తినును; కూలి యడుగదు.

కొంతదూరము పోగా రెండు వాగులు గెడ్డలో కలియు చోటు వచ్చినది. ఒకదాని నీరు తేట. రెండవదానిది ఎఱ్ఱమన్ను కలిసిన నీరు. పెద్దవాడు కారణమడుగగా, చెప్పుటకు మారుగ రెండు వాలులను చూపితిని. తేటవాగుపైన చెట్లు దట్టముగ నున్నవి. రాలిన ఆకులు బెత్తెడు మందము పఱచుకొని యుండెను; వాని క్రింద చల్లని తడి, వానపాములు. రెండవ వాలునకు వేసవిలో ఎవరో నిప్పుపెట్టిరి. నల్లని మోళ్లు, అక్కడక్కడ గడ్డిపరకలు, తేలిన రాళ్లు మాత్రమే మిగిలినవి. పిట్టకూతయు లేదు.

"ఏమండీ, మన చెఱువులు ఏటేట పూడుట ఇందువలననేనా?" అని నా భార్య యడిగెను. నిజమే. ఆకుదుప్పటి లేని కొండపై వాన యింకదు. ఒక్కమారుగ దిగి మన్నును చెఱువులో పోయును. పిదప వరి పొట్టకువచ్చు వేళకు గెడ్డలో నీరుండదు. నేనును ఇన్నేండ్లు చేనిగట్టును గూర్చియే బోధించితిని గాని, కొండవంక చూడనైతిని.

సోదర రైతులారా, లేతగడ్డి కొఱకు పెట్టిన నిప్పు మన పంటనే కాల్చును. ఒంటరి రైతు కొండను కాపాడజాలడు, సంఘము కాపాడగలదు. మాఘము మొదలు వైశాఖము వఱకు వంతులవారీగ నిప్పుకాపలా యుండుడు. అటవీశాఖవారి అనుమతితో కొండయడుగున ఎండుటాకులు ఊడ్చి, నిప్పు దాటకుండ బాట తీయుడు.

తిరిగివచ్చునప్పుడు మా చిన్నది ఎఱ్ఱవాగులో కాళ్లు కడుగనొల్లక, తేటవాగు దాక నడచినది. పసిబిడ్డ యెరిగిన ఆ భేదమును మనము మఱువరాదు.