కురిసిన వాన చేనులో ఆగితేనే వేరుశనగకు తూకం

రాయలసీమలో వేరుశనగ వ్యాపారం చేసేవారు ధరల గురించి మాట్లాడేటప్పుడు ముందుగా అడిగేది యార్డుకు ఎన్ని బస్తాలు వచ్చాయని కాదు. మఖ, పుబ్బ కార్తెలలో వాన పడిందా, లేదా అన్నదే వారి మొదటి ప్రశ్న. జూలైలో విత్తిన పైరుకు ఆగస్టు మూడవ వారం నుంచి సెప్టెంబరు మధ్య వరకు ఊడలు దిగి, కాయ కట్టే కాలం. ఆ రోజులలో పదిహేను, ఇరవై రోజులు వరుసగా వాన మొహం చాటేస్తే, తరువాత ఎంత కురిసినా కాయలో గింజ నిండదు. యార్డుకు బస్తాలైతే వస్తాయి గాని, బస్తాలో బరువు ఉండదు.

అందుకే వాలు భూములలో వాననీటిని నిలిపే పనులు, అంటే వాటర్‌షెడ్ పనులు, వ్యవసాయ శాఖకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. నూనె మిల్లుకు, ఎగుమతిదారుకు, మండీ వ్యాపారికి కూడా సరుకు ఎంత వస్తుంది, ఎలాంటిది వస్తుంది అన్నది ఆ గట్ల మీద, గుంటల మీద ఆధారపడి ఉన్నది. వర్షాధారంపై పంట పెట్టే రైతుకైతే అది ఏడాది అప్పు తీరుతుందా, తీరదా అన్న ప్రశ్న.

వాన ఎంత, అవసరమెంత?

ఉమ్మడి అనంతపురం జిల్లాలో సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల వెనుక వాన నీడలో ఉన్న ప్రాంతం కావడం వల్ల నైరుతి మేఘాలు ఇక్కడికి వచ్చేసరికి బలహీనపడతాయి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి ఇచ్చేది సుమారు 340 మిల్లీమీటర్లు. వేరుశనగ పైరుకు విత్తిన నాటి నుంచి పీకే నాటి వరకు కావలసిన నీరు 400 నుంచి 500 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అంటే వాన పూర్తిగా కురిసిన సంవత్సరంలో కూడా, ఒక్క చుక్క వృథా కాకపోయినా, పైరు అవసరం బొటాబొటిగా కూడా తీరదు. అక్టోబరు వానలు కొంత ఆదుకుంటాయి గాని, అప్పటికే చాలా చేలలో కాయ ముదిరి ఉంటుంది.

ఇలాంటి చోట వాన ఒక్క చుక్క కూడా చేను దాటిపోకూడదు. కాని జరుగుతున్నది వేరు. ఎర్ర నేలల పైపొర వాన దెబ్బకు పెచ్చు కడుతుంది. ఒక్క గంటలో పడిన జడివానను ఆ నేల పీల్చుకోలేదు. నీరు వాలు వెంట వంకలోకి పోతుంది, పోతూ పైమట్టిని కూడా తీసుకుపోతుంది. అడుగు లోతు మట్టి మాత్రమే ఉన్న చేలలో ఆ పైమట్టే పైరుకు ఉన్న ఆస్తి. అది పోతే మరుసటి ఏడాది అదే వానకు చేను ముందుకన్నా త్వరగా ఎండుతుంది.

ఎకరా నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది 4,000 లీటర్లకు పైగా నీరు. నైరుతి వానలో పదోవంతు మాత్రమే వంకలోకి పోయిందనుకున్నా, ఎకరాకు 1,37,000 లీటర్లు పోయినట్లే. ఆ నీటిని పట్టి నిలిపే మార్గమే ఈ వ్యాసానికి విషయం.

కాయ తూకం, గింజ తూకం

వ్యాపారి కాయను చూసి ధర చెప్పడు. గుప్పెడు కాయలు ఒలిచి గింజ చూస్తాడు. మంచి కాయ 100 కిలోలు ఒలిస్తే 70 కిలోల వరకు గింజ రావచ్చు. గింజ ఊరే దశలో బెట్ట తగిలిన కాయలో డొల్ల ఎక్కువై ఆ లెక్క 60కి దగ్గరగా దిగిపోతుంది. 70 రావలసిన చోట 62 మాత్రమే వచ్చిందనుకుందాం. లెక్క కోసం గింజ కిలో 100 రూపాయలు అనుకుంటే, కాయ క్వింటాలుకు 800 రూపాయలు అక్కడే తగ్గినట్లు. దానికి తోడు ముడుతలు పడిన గింజలో నూనె తక్కువ. చేతితో ఏరిన ఎగుమతి రకం గింజ, వ్యాపారులు హెచ్.పి.ఎస్. అని పిలిచేది, అలాంటి సరుకులో నుంచి దొరకడం కష్టం.

ఇంకొక నష్టం కంటికి కనిపించదు. పంట చివరి దశలో బెట్ట, వేడి కలిసినప్పుడు కాయకు నేలలోనే ఆస్పర్జిల్లస్ బూజు సోకుతుంది. ఆ బూజు ఆఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. దిగుమతి చేసుకునే దేశాలు దీని విషయంలో చాలా కఠినంగా ఉన్నాయి. పరిమితి మించితే ఓడ దిగిన సరుకును కూడా తిప్పి పంపుతారు. చేనులో చివరి దాకా కొంత తేమ నిలిస్తే ఈ బెడద తగ్గుతుంది. అంటే పొలంలో ఒక చాలు తీయడానికి, రేవులో సరుకు దాటడానికి సంబంధం ఉన్నదన్న మాట.

కరువు వస్తే ధర పెరుగుతుంది గదా, రైతుకు సరిపోతుంది గదా అని కొందరంటారు. వేరుశనగ విషయంలో ఆ లెక్క చెల్లదు. దేశంలో వేరుశనగ అత్యధికంగా పండేది గుజరాత్‌లో. సౌరాష్ట్రలో వానలు బాగుండి సీమలో బెట్ట పడిన సంవత్సరం ధర పెరగదు, ఇక్కడి రైతుకు పంటా ఉండదు. రెండు చోట్లా పంట తగ్గినా, దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచి వస్తున్నది కనుక పామాయిలు ధర వేరుశనగ నూనె మీద మూత పెట్టినట్లు పనిచేస్తుంది. కరువు నష్టాన్ని ధర పూడ్చదు. దిగుబడిని కాపాడుకోవడమే రైతు చేతిలో ఉన్న పని.

పై నుంచి కిందికి

1973-74లో కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమం మొదలైనప్పటి నుంచి అనంతపురంలో గట్ల పనులు జరుగుతున్నాయి. తొలి రోజులలో శాఖల వారు కొలతలు వేసి, సమతల రేఖ వెంట గట్లు పోయించేవారు. ఆ రేఖ రైతుల సరిహద్దులను చూసి నడవదు. చేను మధ్యలో అడ్డదిడ్డంగా పడిన గట్టును, గొర్రు తోలడానికి అడ్డమని రైతే దున్ని చదును చేసిన సందర్భాలు దేశంలో చాలా చోట్ల ఉన్నాయి. పని రైతు అడిగినది కాకపోవడం, ఆ తరువాత దానిని చూసుకునేవారు లేకపోవడం వాటి లోపం.

1994లో హనుమంతరావు కమిటీ ఈ లోపాలను పరిశీలించి సిఫారసులు చేసింది. వాటి ఆధారంగా 1995 ఏప్రిల్ నుంచి కొత్త మార్గదర్శకాలు అమలుకు వచ్చాయి. సుమారు 500 హెక్టార్లను ఒక వాటర్‌షెడ్డుగా తీసుకుని, పనుల ఎంపిక గ్రామంలోని వాటర్‌షెడ్ కమిటీకి అప్పగించడం వాటిలో ముఖ్యమైన మార్పు. 2000లో రాష్ట్రంలో నీరు-మీరు కార్యక్రమం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం కింద కందకాలు, సేద్యపు కుంటలు పెద్ద సంఖ్యలో తవ్వారు.

పని వరుస మాత్రం ఎక్కడైనా ఒక్కటే. మిట్ట మీద మొదలుపెట్టి పల్లానికి రావాలి. గుట్ట వాలున కందకాలు, చెట్లు. వాగు పుట్టే చోట రాతి కట్టలు. చేల మధ్య గట్లు, నీరు పొంగితే కోసుకుపోకుండా రాతి అలుగులు. అన్నిటికీ దిగువన ఊటకుంట, చెక్‌డ్యాం. ఈ వరుస తప్పి, కంటికి కనిపిస్తుందని ముందుగా కింద చెక్‌డ్యాం కడితే, రెండు మూడేళ్లలో పై నుంచి వచ్చిన మట్టి దానిని పూడ్చివేస్తుంది.

ఖర్చు లేని చాలు, ఖర్చున్న కుంట

చేను లోపల చేసే పనులలో అన్నిటికన్నా చవకైనది గొడ్డు చాలు. అనంతపురం వ్యవసాయ పరిశోధనలు ఎర్ర నేలల వేరుశనగకు సిఫారసు చేసిన పద్ధతి ఇది. వాలుకు అడ్డంగా ప్రతి 3.6 మీటర్లకు ఒక చాలు విత్తనం లేకుండా వదిలి, నాగలితో లోతు చేస్తారు. వాన నీరు అక్కడ ఆగి పక్క వరుసలకు ఇంకుతుంది. దీనికి అదనపు ఖర్చు దాదాపు లేదు. వాలు వెంట కాకుండా అడ్డంగా గొర్రు తోలితేనే ఇది ఫలిస్తుంది. సన్నగా, పొడవుగా, వాలు వెంట సాగిన కమతాలలో రైతు అడ్డంగా తోలడానికి వెనుకాడడం దీనికి ఉన్న చిక్కు.

రెండవది సేద్యపు కుంట. పైన 10 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు, 2.5 మీటర్లు లోతు ఉండి, గోడలు వాలుగా తీసిన కుంటలో సుమారు 1,45,000 లీటర్లు పడతాయి. ఇంకుడు, ఆవిరి కింద మూడోవంతు పోయిందనుకున్నా మిగిలేది 97,000 లీటర్లు. దానిని స్ప్రింక్లర్లతో చల్లితే రెండెకరాలకు 12 మిల్లీమీటర్ల తడి ఒకసారి అందుతుంది. వినడానికి ఇది తక్కువే. ఊడలు దిగే వేళ నేల పైపొర గట్టిపడి ఊడ లోపలికి దిగలేని స్థితిలో, ఆ ఒక్క తడే ప్రాణం పోస్తుంది. ఎర్ర నేలలో నీరు త్వరగా ఇంకుతుంది కనుక లోపల సిమెంటు, మట్టి కలిపి పూత వేయడమో, షీటు పరచడమో చేయకపోతే కుంట అక్కరకు వచ్చే నాటికి ఎండి ఉంటుంది. భూగర్భ జలం పెరగాలని తవ్విన కుంటకు పూత అక్కరలేదు. పైరుకు తడి ఇవ్వాలని తవ్విన కుంటకు అది తప్పదు. ఈ రెండు ఉద్దేశాలను కలిపివేసిన చోట కుంటలు ఏ పనికీ రాలేదు.

లెక్క చూద్దాం. బెట్టలో ఎకరాకు మూడు క్వింటాళ్లు రావలసిన చోట ఒక తడి వల్ల నాలుగున్నర వచ్చాయనుకుంటే, 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన క్వింటాలు 7,263 రూపాయల మద్దతు ధర ప్రకారం ఎకరాకు తేడా 10,900 రూపాయలకు కొంచెం తక్కువ. విత్తనానికే పెట్టుబడిలో పెద్ద వాటా పోయే పంటలో ఈ తేడా చిన్నది కాదు. మద్దతు ధర నాణ్యమైన కాయకే దక్కుతుంది కనుక, తడి పడని చేను బరువులోనే కాక ధరలో కూడా నష్టపోతుంది.

నీరు ఎవరిది?

వాటర్‌షెడ్ పనుల ఫలితాన్ని కొలిచేటప్పుడు తరచు మరుగున పడే ప్రశ్న ఇది. మిట్ట మీద కందకం తవ్వితే నీరు ఊరేది పల్లంలో. మిట్ట చేను సాధారణంగా పేద రైతుది. పల్లంలో బోరు వేయగలిగినది స్తోమత ఉన్న రైతు. ఊరంతా కలిసి నిలిపిన నీరు నాలుగు బోర్లలో నుంచి చీనీ తోటకు పోతే, వేరుశనగ రైతుకు మిగిలేది కూలి డబ్బులే. 2004 నుంచి వ్యవసాయానికి విద్యుత్తు ఉచితం కావడంతో పంపు ఎంత సేపు ఆడినా ఖర్చు కనిపించదు. నీరు పెరిగిందని వార్త రాగానే కొత్త బోర్లు పడతాయి. కొన్నేళ్లలో నీటిమట్టం పనులకు ముందున్న చోటికే చేరుతుంది. 2002లో వచ్చిన వాల్టా చట్టం బోర్ల అనుమతికి, వాటి మధ్య దూరానికి నిబంధనలు పెట్టింది. గ్రామం తనకు తాను పట్టించుకోని చోట చట్టం కాగితం మీదనే ఉంటుంది.

దీనికి సీమలో కొన్ని గ్రామాలు వెతుక్కున్న దారి ఉన్నది. బోరున్న రైతులు, లేని రైతులు ఒప్పందానికి వచ్చి, కొత్త బోర్లు వేయకుండా ఉన్న బోర్లను పైపులతో కలిపి, బెట్ట సమయంలో చుట్టుపక్కల వర్షాధార చేలన్నిటికీ ఒక తడి ఇస్తారు. బోరు రైతు వరి మాని ఆరుతడి పంటకు మారతాడు. దానికి బదులుగా పక్కనే మరొక బోరు పడి తనది ఎండిపోతుందన్న భయం పోతుంది. పది ఎకరాలకు పూర్తి నీరు పెట్టే కన్నా యాభై ఎకరాలకు ప్రాణం నిలిపే తడి ఇవ్వడం మొత్తం మీద ఎక్కువ సరుకు తెస్తుంది.

రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999లో ఇక్రిశాట్ చేపట్టిన 465 హెక్టార్ల వాటర్‌షెడ్డును తరచు ఉదాహరణగా చూపుతారు. అక్కడి వాన సుమారు 800 మిల్లీమీటర్లు, నేల ఎక్కువ భాగం నల్లరేగడి. తేమను పట్టి ఉంచే ఆ నేలకు తగిన పద్ధతి, 550 మిల్లీమీటర్ల ఎర్ర నేలకు యథాతథంగా సరిపోదు. కొత్తపల్లి నుంచి సీమ నేర్చుకోవలసింది కట్టడాల నమూనాను కాదు, గట్టుతో పాటు విత్తనం, ఎరువు, పంటల ఎంపిక అన్నిటినీ ఒకే పనిగా చూడడాన్ని.

ఉమ్మడి జిల్లాలో వేరుశనగ 8 లక్షల హెక్టార్లు దాటిన సంవత్సరాలున్నాయి. ఆ విస్తీర్ణం ఆ తరువాత బాగా తగ్గింది. హంద్రీ-నీవా కాలువ నీరు అందిన చోట పంటలు మారుతున్నాయి. కాలువ ఎక్కలేని మిట్ట చేలకు మాత్రం వేరుశనగ, కంది, చిరుధాన్యాలే దిక్కు. వేరుశనగ మధ్య వరుసలలో కంది వేసుకున్న రైతుకు కాయ పోయినా కంది కొంత ఆదుకుంటుంది. అక్టోబరు వాన కందికి పనికివస్తుంది.

గట్లు సరిచేయడానికి, పూడిన కుంటలో ఒండ్రు తీసి చేనుకు తోలుకోవడానికి వేసవి తప్ప వేరే అదను లేదు. ఆ ఒండ్రు పలచబడిన ఎర్ర నేలకు మంచి బలం కూడా. మృగశిర దాటి వాన మొదలయ్యాక ఎవరికీ తీరిక ఉండదు. మఖ, పుబ్బలలో పైరు వాడినప్పుడు ఆకాశం వైపు చూడాలా, కుంట వైపు చూడాలా అన్నది ఏప్రిల్, మే నెలలలో చేసిన పనిని బట్టి ఉంటుంది. యార్డులో ఒలిచిన గుప్పెడు కాయలలో ఆ సంగతి బయటపడుతుంది.