కరెంటు పోయింది కదా అని చెయ్యి పెట్టొద్దు! ఐసోలేటర్, ఎంసీబీ, ఆర్‌సీసీబీ: ఏది ఎక్కడ?

ఈ రోజు ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. బాల్కొండ దగ్గర ఒక పసుపు చేను అనుకోండి. బోరు మోటరు నడుస్తుంటే కరెంటు పోయింది. స్టార్టర్ డబ్బాలో ఒక వైరు లూజుగా ఉందని మీకు ముందే తెలుసు. "ఎలాగూ కరెంటు లేదు, ఇప్పుడే బిగించేద్దాం" అని డబ్బా తెరిచారు. ఇది సేఫేనా?

కాదు. కరెంటు పోవడం వేరు, మనం తీయడం వేరు. పోయిన కరెంటు ఏ నిమిషమైనా వస్తుంది. టెస్టర్ పెట్టి చూసినా అప్పుడు వెలగదు, మనం సేఫ్ అనుకుంటాం. ఇంక ఆటో స్టార్టర్ కూడా ఉంటే, కరెంటు రాగానే మోటరు దానంతట అదే తిరుగుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులకు చెప్పారు. నీళ్లు, కరెంటు వృథా కాకుండా అని చెప్పారు గానీ, ప్రాణం సంగతి కూడా అందులో ఉంది.

మరి మనమే కరెంటు తీసి, తీసినట్టు గ్యారంటీ ఇచ్చే వస్తువు ఏది? అదే ఐసోలేటర్. మీరు రోజూ చూసేదే ఒకటి ఉంది: ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్తంభం మీద ఉండే ఏబీ స్విచ్. అది తీస్తే మూడు బ్లేడ్లూ గాల్లో విడిపోయి కంటికి కనిపిస్తాయి. కానీ దాన్ని లైన్‌మన్ మాత్రమే ముట్టుకోవాలి. ఒక బ్లేడు సరిగా విడకపోయినా కింద ఫ్యూజు వేసే మనిషి ప్రాణం పోతుంది.

ఇప్పుడు అసలు కన్ఫ్యూజన్. షాపులో ఐసోలేటర్, ఎంసీబీ రెండూ ఒకేలా కనిపిస్తాయి. పని మాత్రం వేరు.

ఐసోలేటర్ మనం చేత్తో తీస్తేనే తెగుతుంది. షార్ట్ అయినా, వైరు కాలుతున్నా అది ట్రిప్ కాదు. ఎంసీబీ ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ వస్తే దానంతట అదే పడిపోతుంది. ఆర్‌సీసీబీ కరెంటు మనిషి ఒంట్లోంచి భూమిలోకి లీకైతే తెంచుతుంది. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్లది తీసుకోండి. ఒకటి పెట్టాం కదా అని ఇంకోటి మానేస్తే కుదరదు.

మీ బోర్డును ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేయండి. సీ16 లాగా అంకె ముందు అక్షరం ఉంటే ఎంసీబీ. 'టీ' అనే టెస్ట్ బటన్, 30 మిల్లీ ఆంపియర్లు అని ఉంటే ఆర్‌సీసీబీ. అక్షరం లేకుండా 40 లేదా 63 ఆంపియర్లు అని మాత్రమే ఉంటే అది చాలా వరకు ఐసోలేటరే.

ఇప్పుడు సైజు చూద్దాం. 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటరు నేమ్‌ప్లేట్ మీద 8 ఆంపియర్లు ఉందనుకోండి. డైరెక్ట్‌గా స్టార్ట్ చేస్తే క్షణం పాటు దానికి ఆరు రెట్లు, అంటే దాదాపు 48 ఆంపియర్లు లాగుతుంది. సీ రకం ఎంసీబీ 5 నుంచి 10 రెట్ల మధ్య వెంటనే పడిపోతుంది. సీ10 పెడితే 50 దగ్గరే హద్దు, అందుకే స్టార్టింగ్‌లో పడుతూ ఉండొచ్చు. విసుగొచ్చి చాలామంది 63 పెట్టేస్తారు. అప్పుడు వైరు కాలినా అది పడదు! పెద్దది కాదు, రకం మార్చాలి. డి రకం 10 నుంచి 20 రెట్ల దాకా ఓర్చుకుంటుంది. వైరు సైజు చూసుకుని డి10 లేదా డి16 పెట్టుకోవాలి.

ఐసోలేటర్ కొనేటప్పుడు దాని మీద ఏసీ-23 అని ఉందా చూడండి. అంటే మోటరు లోడ్‌కు పనికొస్తుందని. ఏసీ-20 అని ఉంటే మోటరు నడుస్తుండగా అసలు తీయకూడదు, నిప్పులు లేస్తాయి. త్రీఫేజ్ మోటరుకు మూడు పోల్స్ ఉన్నది కావాలి. ఇంట్లో సింగిల్ ఫేజ్ అయితే ఫేజ్, న్యూట్రల్ రెండూ తెగే డబుల్ పోల్. ఇంటికి త్రీఫేజ్ ఉంటే నాలుగు పోల్స్. హ్యాండిల్‌కు తాళం వేసే రంధ్రం ఉన్నదైతే ఇంకా మంచిది.

ఎక్కడ పెట్టాలి? స్టార్టర్ కంటే ముందు, చేతికి అందే ఎత్తులో, వాన పడని డబ్బాలో. పసుపు పాలిష్ డ్రమ్ముకైతే మెషీన్ పక్కనే, కంటికి కనిపించే చోట ఉండాలి. ఎక్కడో షెడ్డు బయట ఉంటే, లోపల ఒకరు బెల్టు సరిచేస్తుంటే బయట ఇంకొకరు ఆన్ చేసేస్తారు.

చివరగా వరుస గుర్తుపెట్టుకోండి. ముందు స్టార్టర్ ఆఫ్. తర్వాత ఐసోలేటర్ ఆఫ్. తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోండి. అప్పుడు పనిచేసే టెస్టర్‌తో మూడు ఫేజులూ చూడండి. ఐసోలేటర్ ఆఫ్ చేసినా లైను వచ్చే వైపు టెర్మినళ్లలో కరెంటు ఉంటుంది, అటు చెయ్యి పోవద్దు. కనెక్షన్లు మాత్రం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి.

ఇంట్లో నాన్నకో, బాబాయికో ఈ రోజే ఒక్క మాట అడగండి: "మన బోరు దగ్గర స్టార్టర్ కంటే ముందు ఏముంది?" ఏమీ లేదంటే, ముందు కొనాల్సింది అదే.