పిల్లలకు తీపి, కుక్కలకు విషము
చాక్లెట్ వలన కలుగు ప్రమాదము - పంచాయతీల కర్తవ్యము

కుక్కకు గ్రామసింహమని పేరు. పరిహాసమునకు పెట్టిన పేరే యైనను అందు సత్యము లేకపోలేదు. రాత్రివేళ కళ్ళములోని ధాన్యపు రాశిని, దొడ్డిలోని పశువులను, నిదురించు ఇంటిని కావలి కాయునది అదియే. ఇట్టి విశ్వాసముగల జంతువునకు మనము ముద్దుతో పెట్టు ఒక తినుబండారమే ప్రాణాపాయము తేగలదను సంగతి మన గ్రామములలో చాలమందికి తెలియదు. ఆ తినుబండారము చాక్లెట్.

విజయవాడనుండి మచిలీపట్నము పోవు జాతీయ రహదారి పామర్రు మీదుగా సాగుచున్నది. గుడివాడ, కైకలూరు మీదుగా పాలకొల్లు వైపు పోవు రహదారియు ఇచటనే మొదలగుచున్నది. ఇట్టి కూడలి గ్రామములకు పట్టణపు సరకులు త్వరగా చేరును. ఒకప్పుడు పట్టణములలోనే దొరకిన చాక్లెట్లు, చాక్లెట్ కేకులు నేడు పల్లెలలోని చిల్లర దుకాణములకు గూడ వచ్చినవి. పుట్టినరోజు పండుగలో మిగిలిన కేకు, పిల్లవాడు సగము తిని పారవేసిన ముక్క, గడువు తీరినదని దుకాణదారు చెత్తకుప్పపై వేసిన పెట్టె - వీనినన్నిటిని ముందుగా పసిగట్టునది కుక్కయే. కావున ఈ విషయమును పంచాయతీ సభ్యుల దృష్టికి తెచ్చుట అవసరమని తలంచితిమి.

విషము ఎచట నున్నది?

చాక్లెట్ కోకో గింజలనుండి తయారగును. కోకో మనకు తెలియని పంట కాదు. గోదావరి జిల్లాలలోను, ఏలూరు ప్రాంతములోను కొబ్బరి, ఆయిల్ పామ్ తోటలలో రైతులు దీనిని అంతరపంటగా పండించుచున్నారు. కోకో ఉత్పత్తిలో దేశమునందు ఆంధ్రప్రదేశ్‌దే ప్రథమ స్థానము.

కోకో గింజలో థియోబ్రోమిన్ అను పదార్థము కలదు. కాఫీ, తేయాకులలోని కెఫీనునకు ఇది దగ్గరి చుట్టము. గుండెను, నరములను ఉద్రేకపరచుట దీని గుణము. మనుష్యుని శరీరము దీనిని త్వరగా విరిచి వెలుపలికి పంపివేయును. కుక్క శరీరము ఆ పనిని చాల నెమ్మదిగా చేయును. లోపల చేరిన దానిలో సగము తగ్గుటకే సుమారు 17 గంటలు పట్టును. అంతవరకు అది రక్తములో తిరుగుచు గుండెను పరుగెత్తించుచునే యుండును. పిల్లవానికి హాని చేయని వస్తువు కుక్కకు విషమగుటకు కారణ మిదియే.

ఎంత తిన్నచో ప్రమాదము?

మన పల్లెలలో రంగు కాగితము చుట్టిన ప్రతి బిళ్ళను చాక్లెట్ అనుట వాడుక. వానిలో పెక్కు కేవలము పంచదార బిళ్ళలు. కోకో లేనిచో థియోబ్రోమిన్ ఉండదు. చాక్లెట్ ఎంత నల్లగాను, ఎంత చేదుగాను ఉండునో అంత ప్రమాదకరమని గుర్తుంచుకొనవలెను. పాలు కలిపిన చాక్లెట్‌లో గ్రాముకు సుమారు 2 మిల్లీగ్రాములు, నల్ల చాక్లెట్‌లో 5 మిల్లీగ్రాములు లేక అంతకు మించి, కోకో పొడిలో సుమారు 20 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ ఉండును.

కుక్క బరువులో కిలో ఒక్కింటికి 20 మిల్లీగ్రాములు చేరినచో వాంతులు, విరేచనములు మొదలగును. 40 నుండి 50 మిల్లీగ్రాములకు చేరినచో గుండె లయ తప్పును. 60 మిల్లీగ్రాములకు మించినచో మూర్ఛలు రావచ్చును. అనగా 10 కిలోల బరువుగల కుక్కకు 100 గ్రాముల పాల చాక్లెట్ గాని, 40 గ్రాముల నల్ల చాక్లెట్ గాని, 10 గ్రాముల కోకో పొడి గాని బాధ కలిగించుటకు చాలును. ఆ పొడియే 30 గ్రాములైనచో ప్రాణము మీదికి వచ్చును. రెండు కిలోల కుక్కపిల్లకు 20 గ్రాముల పాల చాక్లెట్ సయితము ఎక్కువే. ముసలి కుక్కలకు, గుండె జబ్బుగల కుక్కలకు ఇంతకంటె తక్కువయే కీడు చేయవచ్చును.

లక్షణములు

తిన్న వెంటనే ఏమియు కనిపించకపోవచ్చును. సాధారణముగా 6 నుండి 12 గంటలలో లక్షణములు బయలుపడును. మొదట వాంతి, విరేచనము, మిక్కుటమైన దాహము, పలుమారు మూత్రము పోయుట కనిపించును. తరువాత కుక్క ఒకచోట నిలువలేక తిరుగుచుండును, రొప్పును, గుండె వేగముగా కొట్టుకొనును. విషము ముదిరినచో ఒడలు వణకును, కాళ్ళు బిగిసిపోవును, జ్వరము వచ్చును, మూర్ఛలు వచ్చును. చికిత్స అందనిచో గుండె ఆగి మరణించవచ్చును.

పిచ్చికుక్క యను అనుమానము

పంచాయతీ సభ్యులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. వీధిలో కుక్క వణకుచు, నోట చొంగ కార్చుచు, దిక్కు తోచక పరుగెత్తుచుండినచో చూచువారు పిచ్చికుక్క యని కేకలు వేయుదురు. కఱ్ఱలు, రాళ్ళు లేచును. చాక్లెట్ తిని బాధపడుచున్న కుక్క ఈ విధముగా అన్యాయముగా చచ్చుటకు అవకాశము కలదు. దీనికి మారుగా, నిజముగా రేబిస్ వ్యాధి సోకిన కుక్కను ఏదో తిన్నదిలే యని తలచి వట్టి చేతులతో పట్టుకొనినచో మనుష్యుని ప్రాణమునకే ముప్పు. రేబిస్ లక్షణములు మనుష్యునిలో బయటపడిన పిమ్మట బ్రతుకుట అత్యంత అరుదు.

ఈ రెంటికిని భేదమును కంటితో చూచి నిర్ణయించుట సామాన్యులకు సాధ్యము కాదు. కావున పాటింపదగిన మార్గము ఒక్కటియే. అట్టి కుక్కను కొట్టరాదు, ముట్టరాదు. పిల్లలను దూరముగా పంపి, వీలైనచో కుక్కను ఒక ఆవరణలో ఉండనిచ్చి తలుపు మూసి, పశువైద్యునికి వెంటనే కబురు చేయవలెను. ఎవరికైనను కాటు గాని, గీరు గాని తగిలినచో ఆ చోటును సబ్బుతోను, పారు నీటితోను 15 నిమిషములు కడిగి, ఆలసింపక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకా వేయించుకొనవలెను.

తిన్నట్లు తెలిసినప్పుడు

పెంపుడు కుక్క చాక్లెట్ తిన్నట్లు తెలిసినచో లక్షణములకై ఎదురుచూడరాదు. ఏ రకము తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, కుక్క బరువెంత - ఈ నాలుగు సంగతులు పశువైద్యునికి చెప్పవలెను. చుట్టిన కాగితము మిగిలియున్నచో దానిని వెంట తీసికొనిపోవలెను. పశువుల అత్యవసర సేవకు 1962 నంబరునకు ఫోను చేయవచ్చును. గన్నవరములో 1998లో స్థాపింపబడిన ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల గలదు.

ఈ విషమునకు విరుగుడు మందు లేదు. అయినను తిన్న రెండు గంటలలోపల వైద్యునికడకు చేర్చినచో ఆయన వాంతి చేయించి, కడుపులోని విషమును పీల్చుకొను బొగ్గుమందు ఇచ్చి, సెలైను ఎక్కించి, గుండెకును మూర్ఛలకును తగిన చికిత్స చేయును. త్వరగా చికిత్స పొందిన కుక్కలు సాధారణముగా కోలుకొనును. ఇంటివద్ద ఉప్పునీరు గాని, నూనె గాని కుక్క నోట పోయరాదు. ఉప్పే వేరొక విషము కాగలదు. వణకుచున్న కుక్క నోట పోసినది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయవచ్చును.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, చెత్తను గూర్చినది. గడువు తీరిన చాక్లెట్లను, కేకులను బహిరంగముగా పారవేయవద్దని దుకాణదారులకును బేకరీలవారికిని తెలియజేయవలెను. వానిని మూత గట్టిగా నుండు డబ్బాలో ఉంచి, పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులకు విడిగా అప్పగించునట్లు చూడవలెను. చెత్త కేంద్రమునకు కంచె యుండవలెను.

రెండవది, బడిని గూర్చినది. ఆగస్టు 15న, జనవరి 26న పిల్లలకు మిఠాయిలు పంచు సమయములో ఉపాధ్యాయులు ఒక్క మాట చెప్పిన చాలును: మీరు తినుడు, కుక్కకు పెట్టకుడు. పిల్లలు ఆ మాటను ఇంటింటికి చేర్చెదరు. కుక్కకు ఏదైన పెట్టవలెనని ముచ్చట పడినచో ఇంత అన్నము, మజ్జిగ చాలును.

మూడవది, తోటలను గూర్చినది. కోకో పండించు గ్రామములలో గింజలు పులియబెట్టు చోటికి, ఆరబెట్టు కళ్ళమునకు కుక్కలు రాకుండ చూడవలెను. గింజల పొట్టులోను ఈ విషము కలదు. పశువైద్యుని సలహా లేక దానిని పశువులకు గాని, కోళ్ళకు గాని మేతగా వేయరాదు.

నాలుగవది, టీకాలను గూర్చినది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్కలకు రేబిస్ టీకాలు వేయించుట, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుట స్థానిక సంస్థల బాధ్యతగా నిర్ణయించినవి. టీకాలు సక్రమముగా జరిగిన ఊరిలో భయము తగ్గును. భయము తగ్గిన చోట కఱ్ఱ లేవదు. కుక్కలకు బుద్ధిపూర్వకముగా విషము పెట్టుట 1960 నాటి జంతు హింస నివారణ చట్టము ప్రకారము నేరమని గూడ గ్రామసభలో తెలియజేయవలెను.

వీనిలో మొదటి మూడింటికి నిధులతో పెద్దగా పని లేదు. గ్రామసభలో పది నిమిషములు, బడిలో ఒక్క మాట, దుకాణమువద్ద మూతగల ఒక డబ్బా చాలును. మన ఇంటిని రాత్రియంతయు కాచు ప్రాణికి మనము చేయవలసిన ప్రత్యుపకారము ఇంతమాత్రమే. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు తీసికొనవలసినదిగా పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.