పొడిమంచుతో పరిశ్రమల శుద్ధి

యంత్రం ఉన్నచోట మకిలి తప్పదు. టైర్ల అచ్చులకు రబ్బరు మడ్డి అంటుకుంటుంది. రొట్టెల కర్మాగారంలో పెనాలకు మాడు పేరుకుంటుంది. ముద్రణాయంత్రాలపై సిరా గట్టిపడుతుంది. ఈ మకిలిని వదిలించడానికి మానవుడు చిరకాలం ఇసుకనూ, రసాయన ద్రావణులనూ ఆశ్రయించాడు. ఇసుకను వేగంగా చిమ్మినప్పుడు లేచే సన్నని ధూళి కార్మికుల ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే వ్యాధికి కారణమైంది. అందువల్లనే బ్రిటన్ 1949లో లోహపు పోతల శుద్ధికి ఇసుక చిమ్మడాన్ని నిషేధించింది. ద్రావణులుగా వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరకు చేటు తెచ్చాయి. వాటి వాడకాన్ని అరికట్టడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఒక మాలిన్యాన్ని తొలగించి మరొక మాలిన్యాన్ని మిగిల్చేది శుద్ధి ఎలా అవుతుంది?

ఈ ప్రశ్నకు లభించిన సమాధానాలలో పొడిమంచు ఒకటి. దీనినే డ్రై ఐస్ అంటారు. ఇది ఘనరూపంలోని కార్బన్ డయాక్సైడ్. 1835లో ఫ్రెంచి పరిశోధకుడు తిలోరియే దీనిని లోకానికి తెలియజేశాడు. దీని ఉష్ణోగ్రత మైనస్ 78.5 డిగ్రీల సెల్సియస్. సాధారణ వాతావరణ పీడనం వద్ద ఇది ద్రవంగా మారదు, తిన్నగా వాయువైపోతుంది. ఈ మార్పుకు ఉత్పతనమని పేరు. పైకి ఎగరడమని ఆ పదానికి అర్థం. పేరుకు తగినట్లే ఇది తడిని గాని, రేణువును గాని మిగల్చక ఎగిరిపోతుంది.

ఈ పద్ధతిలో బియ్యపు గింజలంతటి పొడిమంచు గుళికలను సంపీడిత వాయువుతో కలిపి గొట్టం ద్వారా వేగంగా చిమ్ముతారు. ఇటువంటి పద్ధతికి అమెరికాలో లాక్‌హీడ్ విమాన సంస్థ 1977లో పేటెంటు పొందింది. గుళికల తాకిడికి మకిలి చిట్లుతుంది. ఆకస్మికమైన చలికి అది పెళుసుబారి, అడుగున ఉన్న లోహంతో పట్టు కోల్పోతుంది. పగుళ్ళలో చొచ్చుకొనిన మంచు సుమారు 800 రెట్లు వ్యాకోచించి వాయువై, మకిలిని పెకలించివేస్తుంది. గుళికలు మెత్తనివి కాబట్టి లోహం అరిగిపోదు. యంత్రభాగాలను ఊడదీయవలసిన అవసరమూ చాలావరకు ఉండదు. చివరకు ఊడ్చి ఎత్తవలసినది రాలిన మకిలి మాత్రమే.

అయితే పర్యావరణానికి మేలైన ప్రతిదీ మనిషికి నిరపాయమని భావించరాదు. కార్బన్ డయాక్సైడ్ గాలికంటె సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది. గాలి ఆడని గదులలో, గోతులలో అది అడుగున పేరుకొని కంటికి కనబడకుండానే ప్రాణం తీయగలదు. కనుక గాలి ప్రసరణకు ఏర్పాటు, వాయువును కొలిచే పరికరం, చేతొడుగులు, కళ్ళద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. ఇది భూతాపాన్ని పెంచే వాయువే కదా అన్న సందేహమూ సహజమే. ఎరువుల కర్మాగారాలలోను, ఆల్కహాలు తయారీలోను ఉపఉత్పత్తిగా వెలువడే వాయువును పట్టి వాడినప్పుడు, శుద్ధి కోసం కొత్తగా దానిని పుట్టించినట్లు కాదు. కాని దానిని మంచుగా మార్చడానికి విద్యుత్తు ఖర్చవుతుందన్న సంగతి విస్మరించరాదు.

యంత్రానికి మెరుగు, ప్రకృతికి మేలు, కార్మికునికి క్షేమం – ఈ మూడూ సమకూరినప్పుడే అది నిజమైన శుద్ధి. వీటిలో మొదటి రెండింటికి పొడిమంచు తోడ్పడుతుంది. మూడవదానికి మనిషి జాగరూకతే ఆధారం.