మేకనోరు - మంచునేల

సీతాఫల్‌మండి పేరులోనే సీతాఫలమున్నది. ఈ చెట్టుకొక విశేషము కలదు: మేకలు సాధారణముగా దీని ఆకును ముట్టవు. అందుచేత మందలు తిరుగు తెలంగాణ రాతిగుట్టలపై తక్కిన మొక్కలు కురచబారినను సీతాఫలము, తంగేడు గుబురుగా మిగులును. ఏ నేలపై ఏ మొక్క నిలుచునో ఎండవానలేగాక పశువుల నోరు కూడ నిర్ణయించునన్నమాట.

ఉత్తర ధ్రువము చుట్టునున్న టండ్రా మైదానములలోను ఇదే సూత్రము పనిచేయును. అచట నేల అడుగుపొర ఏడాది పొడుగున గడ్డకట్టియుండును. నాచు, గడ్డి, మరుగుజ్జు పొదలే అచటి పచ్చదనము. 1979 తరువాత ఆ ధ్రువప్రాంతము భూగోళపు సగటుకంటె సుమారు 4 రెట్లు వేగముగా వేడెక్కినది. ఆ వేడికి పొదలు విజృంభించి చిన్న మొక్కలకు ఎండ తగులనీయవు. మంచుపైకి తలయెత్తిన నల్లని కొమ్మలు సూర్యరశ్మిని పీల్చి వేడిని మరికొంత పెంచును.

గ్రీన్‌లాండ్ పడమటి భాగమున పోస్ట్, పెడర్సన్ అను శాస్త్రజ్ఞులు కొంత నేలకు కంచె వేసి, కొంత తెరచియుంచి, రెంటిలోను కొన్ని మళ్లను కృత్రిమముగా వెచ్చబరచిరి. ఫలితమును 2008లో ప్రకటించిరి. కంచెలోపల వెచ్చదనమునకు పొదలు బాగుగ పెరిగినవి. రెయిన్‌డీర్ జింకలు, కస్తూరి ఎద్దులు మేసినచోట ఆ పెరుగుదల చాల తగ్గినది.

ఇచట మేక సీతాఫలపు పొదను విడిచిపెట్టును. అచట జింక పొదనే మేయును. కనుక లోకము వేడెక్కినపుడు మొక్కలేమగునో ఉష్ణమాపకమొక్కటే చెప్పజాలదు. పశువులు తిరుగుచోట ఒక చదరపు గజము నేలకు కంచె వేసి, వానకాలము గడచిన పిదప లోపలి మొక్కలను, వెలుపలి మొక్కలను విద్యార్థులచే లెక్కింపజేసి చూడుడు.