చలికాలానికి టైర్లు సిద్ధమేనా?

మంచు టైర్లు అక్కరలేదు.. అరగని టైర్లు కావాలి
గాలి, గాడులు, వయసు చూశాకే ప్రయాణం

శ్రీకాకుళం, విజయనగరం: మార్గశిరం ప్రవేశించిందంటే ఉత్తరాంధ్రలో తెల్లవారుజాము ప్రయాణం వాహన చోదకులకు పరీక్షగా మారుతుంది. ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిని మంచు కమ్మేస్తుంది. నాతవలస వద్ద మొదలై విజయనగరం, గజపతినగరం, సాలూరు మీదుగా ఒడిశాలోకి వెళ్లే 26వ నంబరు రహదారి పరిస్థితీ అంతే. సంక్రాంతికి హైదరాబాద్‌ నుంచి రాత్రంతా ప్రయాణించి స్వగ్రామాలకు చేరుకునే కుటుంబాలు సరిగ్గా ఈ మంచు వేళకే జిల్లాల్లోకి అడుగుపెడతాయి. బయలుదేరే ముందు సర్వీసింగ్‌ చేయించి, ఇంజిన్‌ ఆయిల్‌ మార్పించే యజమానులు కూడా టైర్ల వంక చూడటం అరుదు. చక్రాన్ని ఆపేది బ్రేకే అయినా, కారును ఆపేది నేలను పట్టుకున్న టైరు. ఒక్కో టైరు నేలను తాకేది సుమారు అరచేయంత మేర మాత్రమే. కుటుంబమంతటి భద్రత ఆ నాలుగు అరచేతులంత రబ్బరుపై ఆధారపడి ఉంటుంది.

మన చలి వేరు

చలికాలపు టైర్లు అనగానే అమెరికా, కెనడాల్లో స్థిరపడిన మన వారికి గుర్తొచ్చేవి మంచు టైర్లు. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైరులోని రబ్బరు గట్టిపడి నేలపై పట్టు కోల్పోతుంది. అందుకే అక్కడ చలిలోనూ మెత్తగా ఉండే రబ్బరుతో, మంచును కరచి పట్టుకునే సన్నని చీలికలతో ప్రత్యేక టైర్లు తయారు చేస్తారు. మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచురేణువు బొమ్మ వాటికి గుర్తు. కెనడాలోని క్యుబెక్‌ రాష్ట్రంలో 2008 నుంచి శీతాకాలంలో ఈ టైర్లు తప్పనిసరి. ప్రస్తుతం అక్కడ డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు ఈ నిబంధన అమలవుతోంది.

శ్రీకాకుళం, విజయనగరం మైదాన ప్రాంతాల్లో అంతటి చలి ఉండదు. లంబసింగి వంటి మన్యం ఊళ్లలో ఉష్ణోగ్రత సున్నాకు చేరువైనా అది తెల్లవారుజామున కొద్ది గంటల పాటే. మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. విదేశాల్లోని బంధువులు చెప్పారని మంచు టైర్లు తెప్పించుకుంటే ఇక్కడి ఎండకు ఆ మెత్తని రబ్బరు త్వరగా అరిగిపోతుంది. వేడి రోడ్డుపై బ్రేకు వేసినప్పుడు కారు మరింత దూరం పోతుంది కూడా. కారుతో వచ్చే మామూలు రేడియల్‌ టైర్లే మన వాతావరణానికి సరిపోతాయి. అవి ఏ స్థితిలో ఉన్నాయన్నదే ప్రశ్న.

తడి రోడ్డుపై ఎంత దూరం?

చలికాలంలో వాన లేకపోయినా రోడ్డు తడిగానే ఉంటుంది. రాత్రి కురిసిన మంచు దుమ్ముతో, వాహనాల నుంచి కారిన నూనెతో కలిసి పలుచని పొరగా మారి జారుడు గుణం సంతరించుకుంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు ముందుకు పోతుంది. అంటే అడ్డంకిని చూసి బ్రేకుపై కాలు వేసే లోపే దాదాపు 22 మీటర్లు దాటిపోతుంది. ఆ తర్వాత పొడి రోడ్డుపై మంచి టైర్లతో ఆగడానికి సుమారు 36 మీటర్లు పడితే, పట్టు తగ్గిన తడి రోడ్డుపై 60 మీటర్లకు పైగా పడుతుంది. మొత్తం కలిపితే 80 మీటర్లు దాటినట్లే. ఎదురుగా 40 మీటర్లకు మించి కనిపించని మంచులో, రోడ్డు పక్కన లైట్లు లేకుండా నిలిపిన లారీ కంటపడేసరికి కారు ఆగే అవకాశం ఉండదు. టైర్లు నున్నగా అరిగి ఉంటే ఈ దూరం ఇంకా పెరుగుతుంది.

గాడులు చెప్పే నిజం

టైరుపై ఉండే గాడులు అందం కోసం కాదు. నేలకూ రబ్బరుకూ మధ్య చేరిన నీటిని అవి పక్కకు తోసివేస్తాయి. గాడులు అరిగిపోతే నీరు బయటకు పోలేదు. వేగంగా వెళ్లేటప్పుడు చక్రం ఆ నీటిపై తేలుతుంది. అప్పుడు స్టీరింగ్‌ తిప్పినా, బ్రేకు వేసినా ఫలితం ఉండదు. ఈ జిల్లాల్లో అక్టోబరు, నవంబరు నెలల్లోనూ భారీ వర్షాలు తప్పవు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది. వానాకాలం పొడవునా అరిగిన టైర్లు అదే స్థితిలో చలికాలంలోకి అడుగుపెడతాయి.

కొత్త కారు టైరులో గాడి లోతు సాధారణంగా 7 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంటుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కార్లకు ఈ లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గరాదు. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 0.8 మిల్లీమీటర్లు. కొలవడానికి పరికరం అవసరం లేదు. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. టైరు ఉపరితలం అరిగి ఆ దిమ్మెలతో సమానమైందంటే చట్టం ప్రకారం దాని ఆయువు తీరినట్లే. అంతవరకు ఆగడం క్షేమం కాదు. తడి రోడ్లపై తిరిగేవారు 3 మిల్లీమీటర్లకు చేరగానే మార్చుకోవడం మేలు.

టైరు అరిగిన తీరు కూడా గమనించాలి. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువైనట్లు, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైనట్లు గుర్తు. ఒకే అంచు అరిగితే వీల్‌ అలైన్‌మెంట్‌ తప్పినట్లు. వానాకాలపు గోతుల దెబ్బకు టైరు పక్క గోడపై ఉబ్బు వచ్చిందంటే లోపలి దారాలు తెగినట్లే. అలాంటి టైరు ఎంత కొత్తదైనా పంచర్‌ షాపులో బాగయ్యేది కాదు. మార్చవలసిందే.

చలికి తగ్గే గాలి

చల్లబడితే గాలి కుంచించుకుపోతుంది. మధ్యాహ్నం 32 డిగ్రీల వేడిలో 30 పీఎస్‌ఐ కొట్టించిన టైరులో, మరునాడు తెల్లవారుజామున 14 డిగ్రీల చలికి దాదాపు రెండున్నర పీఎస్‌ఐ తగ్గుతుంది. పంచర్‌ లేకపోయినా టైరు మెత్తబడినట్లు కనిపించడానికి ఇదే కారణం. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి వేడెక్కుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. బరువుతో సుదూరం వెళితే పగిలే ప్రమాదమూ ఉంది.

టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి. కారు కనీసం మూడు గంటలు నిలిపి ఉండాలి, లేదా రెండు మూడు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు చట్రంపై అంటించిన కాగితంలోనో, పెట్రోలు మూత లోపలనో, కారుతో ఇచ్చే పుస్తకంలోనో రాసి ఉంటుంది. పూర్తి బరువుకు వేరే అంకె ఉంటుంది. పండగకు ఐదుగురు మనుషులు, సామాన్లతో వచ్చేవారు పాటించవలసింది ఆ అంకెనే. టైరుపై ముద్రించిన అంకె అది భరించగల గరిష్ఠ పరిమితి మాత్రమే. దానిని చూసి గాలి కొట్టించడం పొరపాటు. స్టెప్నీలో గాలిని కూడా మరవరాదు.

టైరుకూ వయసు ఉంది

తక్కువగా తిరిగే కార్లకు మరో ముప్పు ఉంది. గాడులు లోతుగానే ఉంటాయి గాని రబ్బరు ఎండిపోతుంది. పక్క గోడపై కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 3524 అని ఉంటే 2024వ సంవత్సరం 35వ వారంలో తయారైందని అర్థం. ఐదేళ్లు దాటిన టైర్లను ఏటా పరీక్ష చేయించాలని, పదేళ్లు దాటితే చూడటానికి బాగున్నా వాడరాదని పలు తయారీ సంస్థలు సూచిస్తున్నాయి. పక్క గోడపై వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తే ఆ గడువు వరకు కూడా ఆగనక్కరలేదు. తక్కువ ధరకు వస్తున్నాయని పాత టైర్లు కొనేవారు ఈ నాలుగు అంకెలు చూడకుండా డబ్బు చెల్లించరాదు.

లారీల పట్టణంగా పేరున్న సాలూరులో రీట్రెడింగ్‌ కొత్త మాట కాదు. లారీల వెనుక చక్రాలకు సక్రమంగా చేసిన రీట్రెడింగ్‌ పనికి వస్తుంది. వేగంగా వెళ్లే కార్లకు, ముఖ్యంగా ముందు చక్రాలకు దానిని వాడకపోవడమే క్షేమం.

కొనేటప్పుడు ఏం చూడాలి?

టైరుపై ఉన్న అంకెలను చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్లే. 185/65 ఆర్‌ 15 88 హెచ్‌ అని ఉందనుకుందాం. 185 మిల్లీమీటర్లు టైరు వెడల్పు. అందులో 65 శాతం దాని పక్క గోడ ఎత్తు. ఆర్‌ అంటే రేడియల్‌, 15 అంగుళాలు చక్రం వ్యాసం. 88 అంటే ఆ టైరు 560 కిలోల బరువు మోయగలదు. హెచ్‌ అంటే గరిష్ఠ వేగం గంటకు 210 కిలోమీటర్లు. కారు తయారీదారు సూచించిన బరువు, వేగం అంకెల కంటే తక్కువవి కొనరాదు. వెడల్పు టైర్లు వేస్తే కారు దర్జాగా కనిపిస్తుందని పరిమాణం మార్చేవారు తడి రోడ్డుపై నష్టపోతారు. వెడల్పు పెరిగేకొద్దీ నీటిని చీల్చుకుని పోవడం టైరుకు కష్టమవుతుంది.

ఐఎస్‌ఐ ముద్ర ఉన్నదే కొనాలి. 2009లో వెలువడిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు దీనిని తప్పనిసరి చేసింది. నాలుగూ ఒకేసారి మార్చే స్తోమత లేనివారు రెండు మాత్రమే కొంటే కొత్తవి వెనుక చక్రాలకు వేయించాలి. వెనుక పట్టు తప్పితే తడి రోడ్డుపై కారు గిర్రున తిరిగిపోతుంది. దానిని అదుపు చేయడం అనుభవజ్ఞులకూ కష్టమే. ఒకే ఇరుసుపై రెండు వేర్వేరు రకాల టైర్లు ఉండరాదు.

ఘాట్‌లలో, కళ్లాల మధ్య

సాలూరు నుంచి ఒడిశాలోని సుంకి వైపు ఎక్కే పి.కోనవలస ఘాట్‌లోను, శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్‌లోను చలికాలంలో పర్యాటకుల రద్దీ పెరుగుతుంది. దిగేటప్పుడు కారు బరువు ముందు చక్రాలపైకి ఒరుగుతుంది. మలుపుల్లో చెట్ల నీడన ఎండ తగలక తడి చాలాసేపు ఆరదు. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట టైర్లకూ వర్తిస్తుంది. అదేపనిగా బ్రేకు తొక్కితే ఆ వేడి చక్రం ద్వారా టైరుకు చేరుతుంది.

మైదానంలో మరో సమస్య. ఖరీఫ్‌ వరి కోతలు పూర్తయ్యాక పలు గ్రామాల్లో రోడ్లే కళ్లాలుగా మారుతున్నాయి. ధాన్యం ఆరబోస్తారు. గడ్డి పరుస్తారు. మంచుకు తడిసిన గడ్డిపై ఎంత మంచి టైరైనా జారుతుంది. కుప్పలు చెదరకుండా చుట్టూ పెట్టిన రాళ్లు మంచులో కనిపించవు. గడ్డి కనిపించగానే వేగం తగ్గించాలి గాని, దానిపైకి ఎక్కాక గట్టిగా బ్రేకు వేయరాదు. రైతులు కూడా రాత్రివేళ రాళ్లు తొలగించి, ధాన్యాన్ని రోడ్డు అంచుకు చేర్చితే ప్రమాదాలు తప్పుతాయి.

బయలుదేరే ముందు

ఈ పరీక్షలన్నిటికీ పట్టేది పది నిమిషాలే. నాలుగు టైర్లతో పాటు స్టెప్నీలోనూ చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి. గాడుల్లోని దిమ్మెలు, పక్క గోడల ఉబ్బులు, పగుళ్లు పరిశీలించాలి. గుచ్చుకున్న మేకులు, రాళ్లు ఉన్నాయేమో వెదకాలి. తయారైన సంవత్సరం చదవాలి. జాకీ, పానా డిక్కీలో ఉన్నాయో లేదో చూడాలి. కొత్త కార్లు కొన్నింటికి స్టెప్నీకి బదులు పంచర్‌ కిట్‌ ఇస్తున్నారు. దానిని వాడే విధానం ముందే తెలుసుకోవాలి. ఇన్నీ సరిగా ఉన్నా దట్టమైన మంచు ఎదురైతే, రోడ్డు అంచున కాకుండా పెట్రోలు బంకులోనో, దాబా ఆవరణలోనో వాహనం నిలిపి, పొద్దెక్కాక కదలడమే ఉత్తమం.